ఇస్నాపూర్ దగ్గర ‘ఆస్తే’

2008 శ్రావణంలో ఒక మంగళవారం కార్ల షోరూం నుంచి ఫోన్ వచ్చింది. మా దగ్గరున్న బండినే కంపెనీ వాళ్ళు ముక్కు నుంచి తోక దాకా మార్చి కొత్తగా తెచ్చారట. పాత బండి ఉన్నవాళ్ళు అందరికంటే ముందుగా వచ్చి నడిపి చూడవచ్చని, నచ్చితే పాతది ఇచ్చి కొత్తది తీసుకోవచ్చని చెప్పారు. శుక్రవారం వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పటికి నాకు అరవై ఒకటి. మా ఆయన పోయి నాలుగేళ్ళు దాటింది.

బండి మార్చాల్సిన అవసరం నిజంగానే ఉంది. ఆ మోడల్ ఆపేశాక సామాను దొరకడం కష్టమైంది. రెండో గేరు పడేటప్పుడు మొండికేసేది. వానాకాలం పొద్దున పూట స్టార్ట్ కావడానికి బతిమాలించుకునేది. పటాన్‌చెరులో మా బండి చూసే మెకానిక్ పెద్ద మనిషి. ఒకరోజు బానెట్ మూస్తూ, “ఇగ దీనికి పానా పని చెయ్యదమ్మా, దువా చెయ్యాలె,” అన్నాడు. ఇక దేవుడికి మొక్కుకోవడమే మిగిలిందని హాస్యమాడాడు కానీ మాట నిజం.

అయితే బండి ఇచ్చేసే ముందు నాకు ఒక సంగతి తేలాలి. ఆ బండిలో నాకు మా ఆయన గొంతు వినిపించేది. ఆ గొంతు బండిలో ఉందా, నాతో ఉందా? బండిలో ఉంటే, బండితో పాటు అది కూడా పోతుంది. అప్పుడు రెండో గేరు పడకపోయినా సరే, తుప్పు పట్టినా సరే, ఇంటి ముందు రేకుల కిందే పెట్టుకుంటాను. నాతో ఉంటే కొత్త బండిలోకీ వస్తుంది. నడిపి చూస్తానని ఒప్పుకున్నది అందుకే. ఈ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

మాది పటేల్‌గూడ పక్క ఊరు. మామగారి భూమిలో కొంత కార్ఖానాల కిందికి పోయింది. మా ఆయనకు ఆ దగ్గరలోనే ఒక పెద్ద ఇనుప కార్ఖానాలో పని దొరికింది. షెడ్డులో పైన పట్టాల మీద క్రేన్ నడుస్తుంది. దాని గదిలో కూర్చున్నవాడు మీటలు తిప్పుతాడు. కింద నిలబడినవాడు అతనికి చేతి సైగలతో, మాటతో దారి చెబుతాడు. ఆ కింద నిలబడే మనిషిని అక్కడ ఖలాసీ అంటారు. మా ఆయన పని అది. ఇల్లంత ఇనుప ముద్ద గాలిలో వేలాడుతుంటే, అరచేయి చాపి మెల్లగా పిడికిలి మూస్తూ దాన్ని చెప్పిన చోట దింపించేవాడు. అంత చప్పుడులోనూ అరిచేవాడు కాదు. అరిస్తే పైనున్నవాడు బెదురుతాడని, చప్పుడు కంటే పైకి కాకుండా చప్పుడు కిందినుంచి మాట పంపాలని అనేవాడు. అందుకని ఆయన గొంతు బొడ్డు దగ్గరినుంచి వచ్చేది. మెల్లగా దించాలంటే ‘ఆస్తే’. ఆ మాటను మొదట లాగి, చివర గాలిలోకి వదిలేసేవాడు. ఆగాలంటే ‘బస్’. తెలుగు వాళ్ళు, బీహార్ వాళ్ళు, ఒరియా వాళ్ళు కలిసి పనిచేసే చోట ఆ రెండు మాటలు అందరికీ సరిపోయేవి.

నేను మా ఊరి పాలకేంద్రంలో లెక్కలు రాసేదాన్ని. 1983 నుంచి ఆ పని. రోజూ రెండు పూటలా ఎవరి పాలు ఎంత, వెన్న ఎంత అని చూసి రాయాలి. చుట్టమైనా, సర్పంచ్ ఇంటి పాలైనా, నీళ్ళు కలిశాయా లేదా అన్నది మొహం చూసి తేల్చకూడదు. పరీక్ష పెట్టాలి. పరీక్షలో ఒకసారికి ఒక్కటే మార్చాలి. గొట్టం మార్చి, మందు మార్చి, పాలు కూడా మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఈ అలవాటు వల్ల మా వాళ్ళకు నేనంటే కొంచెం విసుగు.

2001లో రోడ్డు పక్క పొలం ముక్క అమ్మి బండి కొన్నాం. నేను చిన్న బండి చాలన్నాను. ఆయన షోరూంలో అన్నిటి చుట్టూ తిరిగి, ప్రతిదాని తలుపూ తెరిచి వేసి, చివరికి ఒకదాని పక్కన నిలబడ్డాడు. కిందికి వంగిన ముక్కు, బలమైన ఇంజను, వెనక డిక్కీ మీద ఒక రెక్క. కుర్రకారు నడిపే స్పోర్ట్ బండి అది.

“గిది నేలను మంచిగ పట్టుకుంటది,” అన్నాడు.

“మనకు రేసులున్నయా ఏంది?”

“రేసులకు కాదే. ఆగుతందుకు. గట్టిగ పోయే బండే గట్టిగ ఆగుతది.”

ఊళ్ళోకి తెచ్చిన రోజు జనం చుట్టూ మూగారు. మా పాలి వాళ్ళ పిల్ల ఒకతె డిక్కీ మీద రెక్కను నిమిరి, “ఒక్కటే పెట్టిండ్రేంది పెద్దమ్మా, రెండో రెక్క ఎప్పుడిస్తరట?” అని అడిగింది. చాలా ఏళ్ళు మా బండికి ఒంటిరెక్క బండి అనే పేరు ఉండిపోయింది.

నడిపేది ఎవరన్న మాట వచ్చినప్పుడు ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“నేను ముట్టుకోను. నువ్వు నేర్చుకో.”

“మగోనివి, నువ్వు నేర్చుకోవా?”

“ముప్పై ఏండ్లు క్రేన్ నేను నడిపిన్నా? పైన కూసున్నోడు నడిపిండు. నేను చెప్పిన. ఒక్కనాడు గీత పడలె.”

“అక్కడ కింద నిలబడ్డవ్. ఇందుల పక్కన కూసుంటవ్.”

“యాడ కూసున్నా కండ్లు అవే గద.”

పటాన్‌చెరులో డ్రైవింగ్ స్కూల్‌కు పోయి నేర్చుకున్నాను. యాభై నాలుగేళ్ళకు లైసెన్స్ వచ్చింది. మొదటి రోజు నుంచీ ఆయన ఎడమ సీట్లో కూర్చున్నాడు. క్లచ్ ఏదో బ్రేక్ ఏదో ఆయనకు తెలియదు. కానీ ఎదుట వచ్చేది ఎంత దూరంలో ఉంది, మనం ఎంత వేగంలో ఉన్నాం, రెండూ ఎక్కడ కలుస్తాయి అన్నది ఆయనకు తెలుసు. డాష్‌బోర్డ్ మీద అరచేయి చాపేవాడు. వేళ్ళు ముడుచుకుంటూ వస్తే నేను కాలు తీయాలి. ‘ఆస్తే’ అంటే మెల్లగా. ‘బస్’ అంటే అక్కడికక్కడే. సంగారెడ్డి దాకా ఇద్దరం అలా పోయి వచ్చేవాళ్ళం. నేను నడిపానంటారు కానీ, సగం బండి ఆయన నడిపాడు.

2004 ఫాల్గుణంలో ఒక పొద్దున ఆయన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడు. మళ్ళీ లేవలేదు.

బండి రేకుల కింద నిలిచిపోయింది. దుమ్ము పట్టింది, కోళ్ళు కింద గుడ్లు పెట్టాయి. ఆషాఢం వచ్చాక పాలకేంద్రం లెక్కలు ఇవ్వడానికి ప్రతి బుధవారం సంగారెడ్డి ఆఫీసుకు పోక తప్పలేదు. బస్సులో పోవచ్చు. కానీ బండి అలా వదిలేస్తే చెడిపోతుందని తుడిచి, ఒక్కదాన్నే బయలుదేరాను. ముత్తంగి దాటాను. ఇస్నాపూర్ చౌరస్తాకు కొంచెం ముందు, కార్ఖానాల వైపునుంచి వచ్చే దారి దగ్గర, ఎడమ పక్కనుంచి “ఆస్తే” అని వినిపించింది.

గట్టిగా కాదు. ఎప్పటిలాగే, ఇంజన్ చప్పుడు కిందినుంచి. కాలు దానంతట అదే బ్రేక్ మీద పడింది. ఒక కంటైనర్ లారీ ఆ దారినుంచి హారన్ లేకుండా అడ్డంగా వచ్చి, నా ముక్కు ముందునుంచి పోయింది. ఎడమకు చూశాను. సీటు ఖాళీ. సీటు కవరు మీద ఆయన వీపు ఆనే చోట మెరుపు తగ్గి ఉండేది. అదొక్కటే ఉంది.

నాకు భయం వేయలేదని అంటే అబద్ధం. రోడ్డు పక్కకు తీసి చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు గాలి మందుల కార్ఖానాల మీదుగా వీస్తోంది. గొంతులో ఆ ఘాటు దిగుతూ ఉంది. అప్పుడు కూడా నేను అనుకున్నది ఏమిటంటే, ఒకసారి జరిగిన దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు అని.

మరుసటి బుధవారం మళ్ళీ వినిపించింది. అదే చోట. ఆ రోజు లారీ లేదు, ఏమీ లేదు. ఆ తరువాత అక్కడే కాదు, రుద్రారంలో పిల్లలు రోడ్డు దాటే చోట, కంది మలుపులో, ఒక్కోసారి వినిపించేది. ఇస్నాపూర్ దగ్గర మాత్రం తప్పేది కాదు. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. కాబట్టి మెకానిక్ దగ్గరికి పోయాను.

“ఎడమ దిక్కు చప్పుడొస్తున్నది,” అన్నాను.

“ఎట్లాంటి చప్పుడమ్మా? టకటకనా? కర్ర్ అనా?”

మనిషి గొంతులాగ అని చెప్పలేకపోయాను. “గాలిలాగ,” అన్నాను.

“గాలైతే అద్దం రబ్బరే,” అని రబ్బరు మార్చాడు. మారలేదు. తలుపు లోపలి అట్ట విప్పి చూశాడు. టేప్ రికార్డర్ తీగలు పీకి మళ్ళీ కలిపాడు. చివరికి తానే ఎడమ సీట్లో కూర్చుని నాతో ఇస్నాపూర్ దాకా వచ్చాడు. ఆ రోజు ఏమీ వినిపించలేదు. “జూశిన్రా, నన్ను జూసి గప్‌చుప్ అయింది,” అని నవ్వాడు. ఎడమ సీటు నిండితే రాదు అని నేను అర్థం చేసుకున్నాను. ఆ రోజు నుంచి ఆ సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు. ఎవరు ఎక్కినా వెనక సీటే.

ఎక్కేది ఎక్కువగా మా ఆడబిడ్డ. ఆయనకు చెల్లెలు. భర్త పోయి 1986లో మా ఇంటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. మాట కత్తి. మనిషి వెన్న. అన్న పోయాక కొన్నాళ్ళు మంచం దిగలేదు. తరువాత నేను బుధవారం సంగారెడ్డి పోతుంటే ఒకరోజు వెనక వచ్చి కూర్చుంది. అప్పటినుంచి ప్రతి బుధవారం వచ్చేది.

“నీకేం పనే సంగారెడ్డిల?”

“ఇంట్ల కూసొని గోడలు లెక్కపెట్టాల్నా? నాకు నీలెక్క లెక్కలు రావు వదినె.”

నేను ఆఫీసులో ఉన్నంతసేపూ ఆమె బండిలోనే కూర్చుని పల్లీలు తినేది. బజారుకు కూడా పోయేది కాదు. ఆమె వెనక ఉన్నప్పుడు కూడా గొంతు వచ్చేది. వచ్చినప్పుడల్లా అద్దంలో ఆమె మొహం చూసేదాన్ని. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. ఆమెకు వినపడడం లేదని, నాకొక్కదానికే వినపడుతోందని నిశ్చయించుకున్నాను.

శుక్రవారం పొద్దున నేను తయారవుతుంటే ఆమె కూడా చీర మార్చుకుని వచ్చింది.

“ఇయ్యాల నువ్వొద్దు. ఒక్కదాన్నే పోవాలె,” అన్నాను.

“ఎందుకట? కొత్త బండికి నా దిష్టి తాకుతదా?”

“నడిపి చూసి వస్త అంతే. కొంటలేను.”

“పో పో. నువ్వూ నీ బండి. మల్ల బుధవారం నన్ను పిలువకు,” అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

షోరూం పటాన్‌చెరు దగ్గర హైవే మీదే ఉంది. నేను నేరుగా అక్కడికి పోలేదు. పాత బండిలోనే ముందు ఇస్నాపూర్ దాకా పోయాను. కొత్త పాలు చూసే ముందు పక్కన తెలిసిన పాలు పెట్టుకోవాలి కదా. ముత్తంగి దగ్గర రింగు రోడ్డు కోసం స్తంభాలు లేపుతున్నారు. వాటి మీద ఇంకా ఏమీ లేదు, ఆకాశానికి మొండి చేతులు చాపినట్టు నిలబడి ఉన్నాయి. అవి దాటి, చౌరస్తా ముందు ఆ దారి దగ్గరికి వచ్చేసరికి, “ఆస్తే.” ఎప్పటిలాగే. సరే అని మనసులో అనుకుని, బండి తిప్పుకుని షోరూంకు వచ్చాను.

నన్ను చూసుకోవడానికి వచ్చిన సేల్స్ అతనికి ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. టై కట్టుకున్నాడు, కాలర్ చెమటకు తడిసింది. నా వెనక ఎవరైనా మగవాళ్ళు వస్తున్నారా అని ఒకసారి తలుపు వైపు చూశాడు.

“సార్ వస్తున్నరా మేడం?”

“సార్ లేడు. బండి నాది, నడిపేది నేను.”

కొత్త బండి చుట్టూ తిరిగాను. ముక్కు ఇంకా కిందికి దించారు. గుండ్రటి దీపాలు పోయి పక్కలకు సాగిన కళ్ళు వచ్చాయి. డిక్కీ మీది రెక్క తీసేశారు. అడిగితే, “ఇప్పుడు షేప్‌లనే ఉంది మేడం, బయట పెట్టే అవసరం లేదు,” అన్నాడు. లోపల అన్నీ చోటు మారాయి. ఇండికేటర్ కుడి నుంచి ఎడమకు పోయింది. కొత్త ప్లాస్టిక్ వాసన. ఎవరి వీపూ ఆనని సీట్లు.

అతను వచ్చి ఎడమ సీటు తలుపు తెరిచాడు.

“బాబూ, నువ్వు వెనక కూసో.”

“లేదు మేడం, రూల్. మేం పక్కకే ఉండాలె. మీకు ఫీచర్లు చెప్పాలె గద.”

“వెనకనుంచి చెప్పు. నాకు చెవులు మంచిగనే ఉన్నయి.”

“మేనేజర్ తిడ్తడు మేడం.”

“మేనేజర్‌ను పిలువు. ఏడేండ్ల సంది మీ బండి నడుపుతున్న. ఎడమ సీట్ల ఎవలన్న ఉంటే నాకు నడపస్తలేదు. గట్ల అయితే నేను ఇప్పుడే పోత.”

అతను అద్దాల గది వైపు చూశాడు. లోపల మేనేజర్ ఫోన్లో ఉన్నాడు. “సరే మేడం, జెర మెల్లగ పోనియ్యిండ్రి,” అని వెనక కూర్చుని, రెండు సీట్ల మధ్యనుంచి తల ముందుకు పెట్టాడు.

అతను లింగంపల్లి వైపు పొమ్మన్నాడు, రోడ్డు అటు బాగుందట. నేను సంగారెడ్డి వైపు తిప్పాను. తిప్పుతూ ఇండికేటర్ అనుకుని కుడి చేతి కింది కమ్మీ లాగితే, ఎండలో వైపర్లు అటూ ఇటూ ఊగాయి. అతను నవ్వు ఆపుకున్నాడు.

బండి బాగుంది. అది చెప్పకపోతే అన్యాయం. గేర్లు వెన్నలో చాకు దిగినట్టు దిగాయి. స్టీరింగ్ ఒక్క వేలికి తిరిగింది. అద్దాలు మూస్తే బయటి లోకం లేదు. మందుల కార్ఖానాల వాసన లేదు, లారీల రొద లేదు. ఆ నిశ్శబ్దమే నాకు గుబులు పుట్టించింది. చప్పుడు కిందినుంచి వచ్చే గొంతు, చప్పుడే లేకపోతే ఎక్కడినుంచి వస్తుంది?

“మేడం, కొంచెం తొక్కుండ్రి. పికప్ తెలుస్తది. ఇది స్పోర్ట్ బండి.”

“తెలుసు. పాతది గూడ గదే.”

“నలబైల పోతే ఎట్ల తెలుస్తది మేడం, ఎడ్లబండి గూడ గింతే పోతది.”

అతని కోసం కొంచెం తొక్కాను. వీపు సీటుకు అతుక్కుంది. ముత్తంగి స్తంభాలు దాటిపోయాయి. అతను ఎయిర్ బ్యాగుల గురించి చెబుతున్నాడు. నాకు అతని మాటలు దూరంగా వినిపిస్తున్నాయి. ఎడమ సీటు వైపు చూడకూడదని పట్టుదలగా ముందుకే చూస్తున్నాను. ఆ దారి వచ్చింది. ట్రాక్టర్ ఒకటి మట్టితో మెల్లగా రోడ్డు మీదికి దిగుతోంది.

“ఆస్తే.”

ఎడమ పక్కనుంచి. స్పష్టంగా. ఆ నిశ్శబ్దంలో పాత బండిలో కంటే దగ్గరగా.

బ్రేక్ వేశాను. బండి నేలను పట్టుకుని ఆగింది. నా ఒళ్ళంతా తేలికైపోయింది. వచ్చాడు. బండి ఏదైనా, సీటు ఏదైనా, నాతో వస్తాడు. పాత బండి ఇచ్చేయవచ్చు. నాలుగేళ్ళలో నేను అంత సంతోషపడిన క్షణం లేదు.

“సారీ మేడం,” అన్నాడు వెనకనుంచి సేల్స్ అతను. “నేనే తొక్కుమన్న. ఇగ మెల్లగనే పోదాం, మీరన్నట్టే.”

“నేనేమన్న?”

“ఆస్తే అన్నరు గద మేడం.”

చేతులు స్టీరింగ్ మీద అలాగే ఉండిపోయాయి. “నీకు ఇనబడ్డదా?”

“ఎందుకు ఇనబడదు మేడం, గింత దగ్గర ఉన్న.”

“ఎవరన్నరు?”

అతను కొంచెం వెనక్కి జరిగాడు. “మీరే మేడం. అద్దంల జూసిన. మీ పెదవులు కదిలినయ్. గొంతు మారిపోయె... మగోళ్ళ లెక్క. నాకు జెర భయమైంది నిజం చెప్పాల్నంటే. మీకు తబియత్ మంచిగనే ఉంది గద?”

రోడ్డు పక్కకు తీశాను. ట్రాక్టర్ దాటిపోయింది. అతని దగ్గర నీళ్ళ సీసా ఉంటే ఇచ్చాడు, తాగాను. తరువాత, “ఇంకొకసారి పోదాం,” అన్నాను. వెనక్కి ముత్తంగి దాకా పోయి, తిరిగి అదే దారి మీద వచ్చాను. ఈసారి అద్దం నా నోటి వైపు తిప్పుకున్నాను. ఆ దారి వచ్చింది, పోయింది. నా పెదవులు మూసుకునే ఉన్నాయి. ఎడమ పక్క ఏమీ లేదు. ఏసీ గాలి మాత్రం వస్తోంది.

“ఈసారి అనలేదు మేడం,” అన్నాడు అతను, నాకేదో మేలు చేస్తున్నట్టు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. పాత బండిలో తిరిగి వచ్చేటప్పుడు కూడా నోరు బిగించుకునే వచ్చాను. మా ఆడబిడ్డ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నా వైపు చూడలేదు. ఎదురుగా కూర్చున్నాను.

“బండి నడిపేటప్పుడు నేను ఏమన్న అంటనా?” అని అడిగాను.

ఆమె చేయి ఆగింది. మళ్ళీ గింజలు తీయసాగింది.

“ఎవరు చెప్పిండ్రు?”

“అంటనా అననా, అది చెప్పు.”

“అంటవ్.”

“ఎప్పటి సంది?”

“నేను ఎక్కిన మొదటి రోజు సంది. ఇస్నాపూర్ కాడ. కంది కాడ ఒకసారి.”

“మరి నాకు చెప్పొద్దా? పిచ్చిదాని లెక్క మెకానిక్ చుట్టు తిరిగిన. తలుపులు ఇప్పిచ్చిన.”

ఆమె చింతపండు చాట పక్కకు నెట్టింది. “ఎందుకు చెప్పాలె? చెప్తె నువ్వు బంద్ చేస్తవ్. నీ సంగతి నాకు తెల్వదా? పాలల్ల చెయ్యి పెట్టి చూసే దానివి నువ్వు. నాకేముంది సంగారెడ్డిల, వదినె? నీ నోట్లకెల్లి మా అన్న గొంతు వస్తది. అచ్చం అదే. గది ఇందామని వచ్చేటిదాన్ని. బుధవారం కోసం వారమంత కూసుండేటిదాన్ని.”

అంత చెప్పి కూడా ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఆమె చాట దగ్గరికి లాక్కుంది.

“ఇగ రాదు,” అంది. “తెలిసిపోయింది గద నీకు.”

ఆమె అన్నట్టే అయింది. ఆ తరువాతి బుధవారాలు ఇస్నాపూర్ దగ్గరికి వచ్చేసరికి నా ధ్యాసంతా నా నోటి మీదే ఉండేది. దొంగను పట్టుకోవడానికి కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. ఒక రోజు కావాలని నేనే పైకి అని చూశాను. అరవై ఏళ్ళ ఆడమనిషి గొంతు, పాలకేంద్రంలో పేర్లు పిలిచే గొంతు అది. వెనక కూర్చున్న మా ఆడబిడ్డ, “గట్ల కాదు,” అంది. రెండు మూడు వారాల తరువాత ఆమె రావడం మానేసింది. మోకాళ్ళు నొప్పులన్నది.

ఇల్లు అప్పుడు నిజంగా ఖాళీ అయింది. ఆయన పోయినప్పుడు కాలేదు. అప్పుడు బుధవారాలు ఉన్నాయి. ఇప్పుడు ఎడమ సీటు వట్టి సీటు. ఆ సీట్లో నా సంచి పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఒకనాటి సాయంత్రం చీకటి పడే వేళ, రేకుల కింద పాత బండిలో ఇంజను వేయకుండా కూర్చుని విన్నాను. ఏమీ లేదు. మెకానిక్ మార్చిన అద్దం రబ్బరు ఇంకా గట్టిగానే ఉండడంతో గాలి చప్పుడు కూడా రాలేదు.

దసరాకు ముందు పాత బండి ఇచ్చి కొత్తది తెచ్చుకున్నాను. ఇక దానిని పట్టుకుని ఉండడానికి కారణం లేదు. సేల్స్ అతనే తాళాలు ఇచ్చాడు. నాతో మాట్లాడేటప్పుడు ఇంకా నా పెదవుల వైపే చూస్తున్నాడు. ఇంటి ముందు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, టెంకాయ కొట్టి, గుడికి తీసుకుపోవాలి. కొత్త బండి మొదటిసారి పోయేది గుడికే కాబట్టి మా ఆడబిడ్డ కాదనలేక ఎక్కింది. వెనకనే. సంగారెడ్డి దాకా పోయి, దండం పెట్టుకుని, తిరిగి బయలుదేరాం.

వచ్చేటప్పుడు వాన పట్టుకుంది. నాకు ఇంకా కమ్మీలు అలవాటు కాలేదు. వైపర్ అనుకుంటే ఇండికేటర్, ఇండికేటర్ అనుకుంటే వైపర్. ఎదుట లారీల నీళ్ళు అద్దం మీదికి కొడుతున్నాయి. అద్దం లోపల ఆవిరి పట్టింది, దాన్ని తీసే మీట ఎక్కడుందో వెతుక్కుంటూ, తుడుచుకుంటూ, తిట్టుకుంటూ నడిపాను. ఇస్నాపూర్ ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పటాన్‌చెరు బస్టాండు దీపాలు కనిపించాక గుర్తుకు వచ్చింది. అద్దంలో చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

ఇంటి ముందు బండి ఆపాను.

“అన్ననా?”

“ఏంది అనేది?”

“నీకు తెల్వదా ఏంది.”

“నాకేం తెల్వదు. నిద్రపట్టింది నాకు.”

“అబద్ధాలాడకే. కండ్లు తెరుచుకునే ఉంటివి. చెప్పు, అన్ననా?”

ఆమె దిగి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, వానలో నా కిటికీ దగ్గరికి వచ్చి వంగింది.

“నువ్వు బండి చూసి నడుపు వదినె. నీ నోటి సంగతి నేను చూసుకుంట. ఇంకోసారి అడిగినవంటే నేను మా అక్క ఇంటికి పోత.”

తరువాతి బుధవారం నేను సంచి సర్దుకుని బయటికి వచ్చేసరికి ఆమె వెనక సీట్లో కూర్చుని ఉంది. నేను అడగలేదు. ముత్తంగి దాటాక అద్దం కొంచెం పైకి తిప్పుకున్నాను, నా మొహం అందులో పడకుండా. రోడ్డు చూసి నడిపాను. ఆ దారి దగ్గర నాకేమీ వినపడలేదు. ఆ తరువాత ఎప్పుడూ వినపడలేదు. చౌరస్తా దాటాక ఒకసారి కళ్ళెత్తి చూస్తే, ఆమె కళ్ళు మూసుకుని ఉంది.